మూడు తోకల పురుగు

1984 జూన్ తొమ్మిదో తారీకు, శనివారం, సాయంత్రం ఎనిమిదిన్నర. పెన్సిల్వేనియా కొండల్లో మా ఏటి మలుపు దగ్గర, టౌన్‌షిప్ రోడ్ల పనులు చూసే ఎర్ల్ అరచేతిలో ఒక పురుగుని పెట్టుకుని దాని తోకలు లెక్కపెట్టాడు. అతను చెప్పే అంకెని బట్టి సోమవారం ఆ మలుపులోకి బుల్డోజర్ దిగుతుందో లేదో తేలుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళం అతని నోటి వంకే చూస్తున్నాం.

ఒక మొగాడు పురుగు తోకలు లెక్కపెట్టడమేమిటి, దానికి ఇంతమంది గుండెలు చిక్కబట్టుకోవడమేమిటి అంటారా? అది తెలియాలంటే నా పని ఏమిటో చెప్పాలి.

ఈమధ్య రెడ్‌మండ్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తెలిసినవాళ్ళ పిల్ల. కంప్యూటర్ ఉద్యోగం మానేసి ఏటి ఒడ్డున ఫ్లై షాపులో చేరుతుందట. “ఆంటీ, మీరు లైఫ్ అంతా అదే వర్క్ చేశారు కదా. నేను ఫస్ట్ ఏం నేర్చుకోవాలి?” అంది.

“ముందు మీ అమ్మకి చెప్పావా?” అన్నాను.

“ఇంకా లేదాంటీ.”

సరే, అది వాళ్ళ గొడవ. అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఆ పిల్లతో పాటు ఈ పనిలోకి దిగేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ చదువుకోండి. జీతం ఎంత, సెలవులెన్ని అన్నవి నన్నడగొద్దు.

పని ఏమిటంటే

మా ఏట్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. దాని తిండి పురుగులు. ఆ పురుగులు ఏటి అడుగున రాళ్ళ సందుల్లో, బురదలో పెరిగి పెరిగి, ఒకనాడు రెక్కలతో నీటి మీదికి వస్తాయి. ఇక్కడివాళ్ళు దాన్ని హ్యాచ్ అంటారు. నేను ‘లేవడం’ అంటాను. ఏ పురుగు లేస్తే చేప దాన్నే తింటుంది. అప్పుడు ఇంకేం పెట్టినా మూతి తిప్పుకుంటుంది. అందుకని గేలం ముల్లుకి ఈకలు, బొచ్చు, దారం చుట్టి అచ్చం ఆ పురుగులా ఉండే బొమ్మ కట్టాలి. ఆ బొమ్మ పేరు ఫ్లై. ఇవాళ ఏ పురుగు లేస్తోందో గుర్తుపట్టి కొట్టు బయట బోర్డు మీద పెట్టడం, దానికి సరిపోయే ఫ్లై కట్టడం నా పని.

నేను నరసాపురం పక్క పల్లెలో లేసు అల్లుకుని బతికినదాన్ని. బడి మొహం చూడలేదు. మా తమ్ముడు సూర్యం డాక్టరై ఇక్కడి చిన్న ఊరి హాస్పిటల్లో చేరాక నన్ను రప్పించాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. కర్టెన్లకీ దిండ్లకీ చివరికి టెలిఫోన్‌కీ లేసు అల్లేశాను.

మా తమ్ముడి దగ్గరికి వాల్ట్ అనే ముసలాయన కీళ్ళవాతంతో వచ్చేవాడు. ఏటి ఒడ్డున ఫ్లై షాపు ఆయనది. వేళ్ళు వంకర్లు పోయాయి, ఇంక ఫ్లైలు కట్టలేనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. “మా అక్క ఉంది, ఆవిడ వేళ్ళు చూడండి” అని నన్ను కారెక్కించుకుని తీసుకెళ్ళాడు సూర్యం. అది 1978.

వాల్ట్ ఒక ఫ్లై ఇచ్చాడు. దాన్ని ఒక్కో చుట్టూ విప్పి, మళ్ళీ అలాగే చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, “సోమవారం నుంచి రమ్మను” అన్నాడు. నేనూ ఊరుకోకుండా సూర్యం చేత అడిగించాను.

“పట్టిన చేపని ఏం చేస్తారు?”

“నీళ్ళలో వదిలేస్తాం.”

“మరి పట్టడం ఎందుకు?”

“వదలడానికే” అన్నాడు వాల్ట్.

“ఒరే తమ్ముడూ, ఈయనకి కావాల్సింది కీళ్ళ మందు కాదురా” అన్నాను.

“ఏమంటోంది మీ అక్క?” అన్నాడు వాల్ట్.

“కొట్టు బాగుందంటోంది” అన్నాడు మా తమ్ముడు.

బోర్డు మీద బొమ్మ

వాల్ట్ నాకు నేర్పిన మొదటి పాఠం తోకలు. మేఫ్లై అనే జాతి పురుగులకి వెనక దారాల్లాంటి తోకలుంటాయి. కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. రెక్కల రంగు ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనిపిస్తుంది. తోకల లెక్క మారదు.

నాకు రాయడం రాదు కాబట్టి బోర్డు మీద సుద్దముక్కతో పురుగు బొమ్మ వేసేదాన్ని. తోకలు మాత్రం స్పష్టంగా గీసేదాన్ని. ఇంట్లో మా మరదలు లలిత, సూర్యం భార్య, వంటింటి బల్ల మీద నా చేత అక్షరాలు దిద్దించింది. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. నలభై దాటిన దాన్ని. “వదినా, ‘ఱ’ వదిలేయండి, ఎవ్వరూ వాడరు” అనేది. “ఉన్నదాన్ని వదిలేయడమేమిటి, దిద్దించు” అనేదాన్ని. చదువు రాకపోతే సిగ్గు అని ఎవరైనా అంటే నమ్మకండి. సిగ్గు లేదు, విసుగు ఉంది. దారిలో ప్రతి బోర్డు దగ్గరా ఎవరినో ఒకరిని అడగాలి. ఆ అవసరం తప్పిన రోజు నా నెత్తి మీద బరువు దించినట్టయింది.

పేర్లు రాయడం వచ్చాక బొమ్మలు మానేద్దామనుకున్నాను. వాల్ట్ ఒప్పుకోలేదు. “ఒకే పురుగుని ఒక్కో ఏటి దగ్గర ఒక్కో పేరుతో పిలుస్తారు, మ్యానీ. తోకలు ఎక్కడైనా తోకలే. బొమ్మ ఉంచు” అన్నాడు. మాణిక్యం అనడానికి నోరు తిరగక నన్ను మ్యానీ అనేవాడు.

వాల్ట్ మంచి యజమానా అంటే, సగం మంచివాడు. పని నేర్పేటప్పుడు దాచుకునేది లేదు. నోరు మాత్రం చెడ్డది. తిట్టిన పావుగంటకి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. అదే ఆయన క్షమాపణ. మీకు అలాంటి యజమాని దొరికితే కాఫీ తాగేయండి. మాట కోసం చూస్తూ కూర్చుంటే చల్లారిపోతుంది.

పొట్ట చూడాలి

మా ఏటికి పేరు తెచ్చింది గ్రీన్ డ్రేక్. మేఫ్లైలలో పెద్దది. ఆకుపచ్చ మచ్చల రెక్కలు, మూడు తోకలు. ఏటి మలుపు దగ్గరి మెత్తటి బురదలో రెండేళ్ళు పెరిగి, జూన్‌లో కొద్ది రోజుల పాటు సాయంత్రాలు లేస్తుంది. లేచాక దానికి తినడానికి నోరు కూడా ఉండదు. ఆ కొద్ది రోజుల కోసం ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో మనుషులొస్తారు. మా కొట్టు, పక్క మోటెల్, ఎదురుగా ఉన్న డైనర్ హోటలు, అన్నీ ఆ పురుగు పేరు చెప్పుకుని బతికేవే.

మొదటి ఏడు గ్రీన్ డ్రేక్ ఫ్లైలు కట్టేటప్పుడు పురుగుని తెల్ల సాసర్లో పెట్టుకుని, వీపు రంగు చూసి కట్టాను. చూడ్డానికి బంగారంలా ఉన్నాయి. కొన్నవాళ్ళందరూ ఒక్క చేపా పడలేదని తిరిగొచ్చారు. వాల్ట్ ఒక ఫ్లైని గ్లాసు నీళ్ళలో వేసి, గ్లాసు పైకెత్తి కింది నుంచి చూడమన్నాడు. చేప పురుగుని కింది నుంచి చూస్తుంది. దానికి కనిపించేది పొట్ట. ఆ పురుగు పొట్ట మీగడ రంగు. పైగా పొడిగా ఉన్నప్పుడు సరిపోయిన బొచ్చు తడిస్తే ముదురుతుంది. అప్పటి నుంచి పురుగుని వెల్లకిలా తిప్పి చూడటం, బొచ్చుని ఉమ్మితో తడిపి రంగు సరిచూడటం అలవాటైంది. లలిత చూసి, “ఛీ, వదినా!” అంది. పనిలో ఛీ లేదు.

ఇంకో మాట. ఏం లేస్తోందని చేపలు పట్టినవాడిని అడగొద్దు. వాడు తన గొప్ప చెబుతాడు. నేను పొద్దున్నే మలుపు దగ్గర కాలినడక వంతెన కిందికి వెళ్ళి సాలీడు గూళ్ళు చూసేదాన్ని. ముందురోజు సాయంత్రం లేచిన పురుగులు ఏవైనా రెండో మూడో వాటిలో చిక్కుకునే ఉంటాయి. సాలీడుకి గొప్పలు చెప్పుకోవాల్సిన పని లేదు.

వరద, ఎర్ల్, గాజు సీసా

1984 మార్చిలో మంచు కరిగి ఏరు పొంగింది. మలుపు పక్కన ఎర్ల్ అక్క నోరా ఇల్లు. బేస్‌మెంట్ నిండా నీళ్ళు. ఎర్ల్ వెంటనే మలుపుని తవ్వి ఏటిని తిన్నగా చేసేస్తానన్నాడు. తవ్వితే ఆ బురద పోతుంది, బురదతో పాటు రెండేళ్ళ పురుగూ పోతుంది.

ఫైర్ స్టేషన్ హాల్లో ఊరి మీటింగ్ పెట్టారు. వాల్ట్ గొంతు చించుకున్నాడు. ఎర్ల్ మాత్రం నెమ్మదిగా మాట్లాడాడు. “వాల్ట్, ఆ పురుగు వరదకి కొట్టుకుపోలేదని నీకెలా తెలుసు? బతికుందని చూపించు, తవ్వను. నోరా పెరటి వెంబడి రాళ్ళ గోడ కట్టి ఊరుకుంటాను. కష్టం ఎక్కువే, అయినా కడతాను. చచ్చిపోయుంటే మాత్రం మనం కాపాడేది ఏమిటి, బురదనా?” అన్నాడు. ఎర్ల్ చెడ్డవాడు కాదు. అక్క ఇల్లు మునిగినవాడు. జూన్ పదకొండు సోమవారం మిషన్ వస్తుంది, ఆలోపు పురుగుని చూపించాలి అని తేల్చారు.

జూన్ వచ్చింది. రోజూ పొద్దున వంతెన కిందికి వెళ్ళి చూశాను. సాలీడు గూళ్ళలో చిన్నా చితకా పురుగులున్నాయి. గ్రీన్ డ్రేక్ రెక్క ముక్క కూడా లేదు.

గురువారం వాల్ట్ ఎర్ల్‌ని వెంటబెట్టుకుని కొట్లోకి వచ్చాడు. చేతిలో గాజు సీసా, దాన్నిండా పెద్ద పెద్ద మేఫ్లైలు. మొహం వెలిగిపోతోంది.

“మ్యానీ, ఎర్ల్‌కి చెప్పు ఇవేమిటో.”

సాసర్లోకి వంచాను. ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నిటికీ రెండే తోకలు.

“ఎక్కడ పట్టావు?” అన్నాను.

“గ్యాస్ స్టేషన్ దీపాల కింద. గుట్టలు పడున్నాయి.”

మన దగ్గర వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ ఈసుళ్ళు ముసురుతాయి చూశారా? దీపం కింద నీళ్ళ పళ్ళెం పెడితే నిండిపోతుంది. అవి మన పుట్టవా, పొరుగువాడి పుట్టవా అంటే ఎవడు చెప్పగలడు? దీపం ఎక్కడి పురుగునైనా లాక్కొస్తుంది. ఆ గ్యాస్ స్టేషన్ వెనక కొండ దిగితే పెద్ద చెరువుంది.

“ఇవి మనవి కావు. చెరువు పురుగులు” అన్నాను.

“సరిగ్గా చూడు.”

“చూశాను. రెండు తోకలు.”

“ఒకటి విరిగుంటుంది.”

“అన్నిటికీ ఒక్కొక్కటే విరిగిందా?”

ఎర్ల్ టోపీ సర్దుకున్నాడు. “మిసెస్, థాంక్స్. శనివారం వరకూ నేనూ వచ్చి చూస్తాను. సోమవారం మాత్రం మిషన్ ఆగదు” అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక వాల్ట్ మొహం కందగడ్డలా అయింది. “నీకు జీతం ఎవరిస్తున్నారు?”

“నువ్వే. ఉన్న పురుగు పేరు చెప్పమని ఇస్తున్నావు. తోకలు లెక్కపెట్టడం నేర్పింది కూడా నువ్వే.”

“ఆ మలుపు పోతే ఈ కొట్టుండదు. తెలుసా?”

“తెలుసు. చెరువు పురుగుని చూపించి మిషన్ ఆపితే, మలుపు బతికుందో చచ్చిందో ఇంక మనకే తెలియదు. ఆగు. నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. ఆ ఒడ్డున లారెల్ పొదలు మొగ్గల మీదే ఉన్నాయి. అవి విచ్చితే గానీ మన పురుగు లేవదు. ఇది కూడా నువ్వు చెప్పిందే.”

ఆ రోజు కాఫీ రాలేదు. మర్నాడు కూడా రాలేదు.

ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాను. లలిత చూసింది. “ఉన్నమాటే చెప్పారు కదా వదినా, ఇంకా టెన్షన్ ఎందుకు?”

“చెప్పినందుకు కాదే. ఆ బురదలో అసలేమైనా మిగిలిందో లేదో నాకూ తెలియదు. అదీ బెంగ.”

శనివారం

శనివారం ఎండ కాసింది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే లారెల్ మొగ్గలు అక్కడక్కడ విచ్చాయి. నీళ్ళలో చెయ్యి పెడితే ముందటి జివ్వుమనే చలి లేదు. సాయంత్రం లలిత నన్ను డ్రైవ్ చేసి తీసుకొచ్చింది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో జంతికలు. వాల్ట్ భార్య డొరతీ అప్పటికే మడతకుర్చీ వేసుకుని ఉంది. జంతిక కొరికి, “పన్ను విరిగితే మీ తమ్ముడు చూస్తాడా?” అంది. “పళ్ళ డాక్టర్ వేరు, ముందు తినండి” అంది లలిత.

వాల్ట్ నా వైపు చూడకుండా దూరంగా నిలబడ్డాడు. ఎర్ల్, నోరా ఇద్దరూ నోరా పెరట్లోంచి దిగి వచ్చారు. ఒక్కరి చేతిలోనూ గేలం కర్ర లేదు.

పొద్దు కొండ వెనక్కి జారింది. ఏమీ లేవలేదు. నీళ్ళు పలకలా ఉన్నాయి. ఎర్ల్ గడియారం చూసుకున్నాడు. నోరా, “నాకు దోమలు కుడుతున్నాయి, ఇవి మాత్రం బాగానే లేస్తున్నాయి” అంది.

ముందు కనిపెట్టింది పిట్టలు. ఎక్కడి నుంచో వచ్చి నీటి మీదికి వాలి, పైకి లేచి, మళ్ళీ వాలడం మొదలుపెట్టాయి. అవతలి ఒడ్డున ఒక చేప నీళ్ళని ఫెడేల్మని కొట్టింది. వాల్ట్ బూట్లతోనే నీళ్ళలోకి దిగి, టోపీ తీసి గాలిలో ఊపి, టోపీ మూతి నొక్కిపట్టుకుని వచ్చాడు. నా ముందు ఆగాడు.

“లెక్కపెట్టు.”

“నేను కాదు” అన్నాను. “మన ఇద్దరిలో ఎవరు చెప్పినా చెల్లదు. ఎర్ల్, నువ్వు లెక్కపెట్టు.”

ఎర్ల్ దాన్ని అరచేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“రెండు” అన్నాడు.

డొరతీ జంతిక నములుతున్నదల్లా ఆగింది. వాల్ట్ కళ్ళు మూసుకున్నాడు.

నేను వంగి చూశాను. రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలు మా పురుగువే. తోకల మధ్య చిన్న మొండి ముక్క లాంటిది ఉంది. “మూడోది టోపీలో విరిగింది” అన్నాను.

“మొన్న వాల్ట్ అన్నది కూడా అదే కదా, మిసెస్” అన్నాడు ఎర్ల్. కోపంగా అనలేదు, న్యాయంగానే అన్నాడు. ఒక్క పురుగుతో ఎవరూ ఏదీ తేల్చలేరు. ఈ పనిలో నాకు తెలిసిన దాంట్లో మొదట చెప్పాల్సింది ఇదే.

అప్పుడు లలిత, “వదినా, మీ చీర!” అంది.

నా కుచ్చిళ్ళ మీద ఒకటి వాలి ఉంది. రెక్కలు నిలబెట్టి, తెరచాప పడవలా. మోచేతి మీద ఇంకొకటి. డొరతీ కుర్చీ మీద ఒకటి. నీళ్ళ వైపు చూస్తే ఏటి మలుపంతా కదులుతోంది. ఒకటి తర్వాత ఒకటి, తర్వాత లెక్క తెలియనన్ని, బురదలోంచి లేచి, తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటి మీద కొట్టుకొస్తున్నాయి. చేపలు ఏటి పొడుగునా ఎగబడి తింటున్నాయి.

ఎర్ల్ నా చీర దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముట్టుకోకుండా, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. “ఒకటి. రెండు. మూడు.” డొరతీ కుర్చీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాడు. “మూడు.” తన చొక్కా మీద వాలినదాన్ని చూసుకుని నవ్వేశాడు. “ఇదీ మూడే.”

నోరా అందరినీ వింతగా చూసింది. “ఇంత గొడవా వీటి గురించేనా? ప్రతి జూన్‌లో, ఇంతకుముందు వరదలొచ్చిన ఏళ్ళలో కూడా, నా కిటికీల మీద నుంచి ఊడ్చి పారేస్తుంటానుగా. ఈ ఏడు రాలేదేమిటా అనుకున్నాను.”

“నోరా, అది మీటింగ్‌లో చెప్పొచ్చుగా!” అన్నాడు వాల్ట్.

“నన్నెవరడిగారు?” అంది నోరా.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు, నేను గడ్డిలో కూలబడ్డాను. కట్టాల్సిన రాళ్ళ గోడ గురించి ఎర్ల్ అప్పుడే నోరాతో మాట్లాడుతున్నాడు. వాల్ట్ కారు దగ్గరికి వెళ్ళాడు. గేలం కర్ర తెచ్చుకుంటాడనుకున్నాను. ఎదురుగా అన్ని చేపలు లేస్తుంటే ఏ వేటగాడు ఆగుతాడు? ఆయన తిరిగి వచ్చి, వంకర వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకొచ్చిన కప్పు నా పక్కన గడ్డిలో పెట్టాడు. కాఫీ. ఇంటి దగ్గరే థర్మాస్‌లో పోసుకుని వచ్చాడంటే, పురుగు లేవక ముందే తెచ్చాడన్నమాట.

“రేపు బోర్డు మీద బొమ్మ పెద్దది వెయ్యి” అన్నాడు. నేను కాఫీ వేడిగా ఉండగానే తాగేశాను.

రెడ్‌మండ్ అమ్మాయీ, నీకు నేను చెప్పగలిగింది ఇంతే. దీపం కింద దొరికినదాన్ని నమ్మకు. వెల్లకిలా తిప్పి చూడు. ఒక్కదాన్నే చూసి పేరు పెట్టకు. కిటికీలు ఊడ్చేవాళ్ళని అడుగు. మీ అమ్మకి చెప్పు.

ఆ సాయంత్రం మలుపు దగ్గర ఉన్నవాళ్ళు: కొట్టు వాల్ట్, ఆయన భార్య డొరతీ, రోడ్ల ఎర్ల్, అతని అక్క నోరా, మా మరదలు లలిత, హాస్పిటల్ డ్యూటీ దిగి అంతా అయిపోయాక వచ్చి “ఏమైంది, ఏమైంది?” అని అందరినీ అడిగిన మా తమ్ముడు సూర్యం, మాణిక్యం అనే నేను.